ఉప్పు ఋణం, ఓటు నిక్షేపం: నిరంకుశ పాలనలో శాసనసభ్యుని విధేయతపై ఒక నైతిక పరిశీలన

తెలుగులో ‘విశ్వాసం’ అన్న మాటకు రెండర్థాలున్నాయి. ఒకటి నమ్మకం. రెండవది అన్నం పెట్టిన చేతిని మరువకపోవడం. ఈ రెండవ అర్థం మన నైతిక జీవితంలో ఎంత లోతుగా పాతుకున్నదో ‘విశ్వాసఘాతకుడు’, ‘ఉప్పు తిన్న ఇంటికి ద్రోహం తలపెట్టినవాడు’ అన్న నిందల బరువును బట్టే తెలుస్తుంది. ఎన్నో పాపాలకు ప్రాయశ్చిత్తం చెప్పిన పెద్దలు కృతఘ్నతకు మాత్రం చెప్పలేదన్న భావన మన కావ్యాలలోనూ లోకోక్తులలోనూ పదే పదే వినిపిస్తుంది.

ఈ విలువను శాసనసభ్యునికి అన్వయించినప్పుడు ఒక చిక్కు ఏర్పడుతుంది. ఒకనికి అభ్యర్థిత్వం ఇచ్చి, గెలిపించి, పదవి కట్టబెట్టి, అతని నియోజకవర్గానికి రోడ్డూ ఆసుపత్రీ మంజూరు చేసిన నాయకుడు ఒకనాడు సభలో ఓటు అడుగుతాడు. ఆ ఓటును నిరాకరించడం కృతఘ్నత అవుతుందా? ప్రజాస్వామ్యంలో ఈ ప్రశ్న తేటగా కనిపించదు. అక్కడ పోషకులు పలువురు, ఒకరిని విడిచినవాడు మరొకరిని ఆశ్రయించగలడు. నిరంకుశ పాలనలో పోషకుడు ఒక్కడే. ఇచ్చే చేయి, తీసుకునే చేయి, శిక్షించే చేయి అన్నీ అతనివే. అందువల్ల విధేయత అనే విలువను పరీక్షించడానికి నిరంకుశ పాలనలోని శాసనసభ అనువైన స్థలం. ఈ వ్యాసం 1964 నుండి 1985 వరకు సైనిక పాలనలో ఉన్న బ్రెజిల్ శాసనసభను ప్రధానంగా తీసుకుంటుంది. సభను పూర్తిగా రద్దు చేయకుండా నిలిపి ఉంచిన నియంతృత్వం అది. ఉన్న సభ ఏం చేసిందన్నదే ఇక్కడి విచారం.

బ్రెజిల్ సభ: 1964–1968

1964లో సైన్యం అధికారాన్ని చేజిక్కించుకున్న తరువాత కూడా బ్రెజిల్ కాంగ్రెస్ సమావేశమవుతూనే ఉంది. అధ్యక్షుణ్ణి ఎన్నుకునే తతంగం కూడా ఆ సభ చేతనే జరిపించారు. సైనికులకు సభతో రెండు అవసరాలు ఉండేవి. మొదటిది చట్టబద్ధమన్న ముద్ర. రెండవది, నా దృష్టిలో మరింత ముఖ్యమైనది, పంపకం. బ్రెజిల్ గ్రామీణ రాజకీయాలు చిరకాలంగా స్థానిక పెద్దల చేతుల్లో ఉండేవి. వారిని ‘కొరొనెల్’ అని పిలిచేవారు. విక్తోర్ నూనెస్ లెయాల్ 1948లో ప్రచురించిన ప్రసిద్ధ గ్రంథంలో ఈ వ్యవస్థను లోతుగా విశ్లేషించాడు. అతని ప్రకారం కొరొనెల్ బలవంతుడు కాడు, బలం తగ్గుతున్నవాడు. ప్రభుత్వం బలపడుతున్నకొద్దీ తన ఊళ్లో పరువు నిలబెట్టుకోవడానికి ప్రభుత్వం నుండి వచ్చే ఉద్యోగాలు, నిధులు, పోలీసు అండ అతనికి అవసరమవుతాయి. వాటికి బదులుగా ఓట్లు సమకూరుస్తాడు. ఇది ఇరుపక్షాల బలహీనతల మధ్య కుదిరిన ఒప్పందం. మన జిల్లాలలో మోతుబరులకూ పార్టీలకూ నడుమ నడిచిన వ్యవహారాన్ని ఎరిగిన పాఠకునికి ఇది కొత్త విషయంగా తోచదు.

సైనిక ప్రభుత్వం ఈ గొలుసును తెంచలేదు. దాని కొసను తన చేతిలోకి తీసుకుంది. 1965 అక్టోబరులో రెండవ సంస్థాగత శాసనం ద్వారా పాత పార్టీలన్నింటినీ రద్దు చేసింది. వాటి స్థానంలో రెండే మిగిలాయి: ప్రభుత్వ పక్షమైన అరెనా, అనుమతి పొందిన ప్రతిపక్షమైన ఎం.డి.బి. మరుసటి ఏడాది రాష్ట్ర గవర్నర్ల ఎన్నికను ప్రజల చేతి నుండి తప్పించింది. ఇక గవర్నరు కావాలనుకున్నవాడు ఊరి వైపు కాక బ్రసీలియా వైపు చూడాలి. ఆ రోజుల్లో బ్రెజిలియన్లు ఒక పార్టీ పేరు ‘అవును’, రెండవదాని పేరు ‘అవునండి’ అని చమత్కరించేవారు. తెలుగులో చెప్పాలంటే ఒకటి ‘సరే’ పార్టీ, మరొకటి ‘చిత్తం’ పార్టీ.

ఈ స్థితిలో 1968 ఆగస్టు చివర భద్రతా దళాలు బ్రసీలియా విశ్వవిద్యాలయంలోకి చొరబడ్డాయి. సెప్టెంబరు మొదటివారంలో ఎం.డి.బి. సభ్యుడు మార్సియో మొరేరా ఆల్వెస్ ప్రతినిధుల సభలో క్లుప్తంగా మాట్లాడాడు. సెప్టెంబరు 7న జరిగే స్వాతంత్ర్య దినోత్సవ కవాతును ప్రజలు బహిష్కరించాలనీ, యువతులు సైనికాధికారులతో కలిసి నృత్యం చేయరాదనీ కోరాడు. ఆ ప్రసంగానికి సభలో పెద్దగా స్పందన రాలేదు. సైన్యం మాత్రం దానిని అవమానంగా స్వీకరించి, ఆల్వెస్‌ను విచారించడానికి అతనికి సభ్యునిగా ఉన్న రక్షణను తొలగించాలని సభను కోరింది. సభలో పలికిన మాటకు సభ్యుని శిక్షించరాదన్న నియమం 1967 రాజ్యాంగంలో ఉంది. ఆ రాజ్యాంగాన్ని చేయించుకున్నది ఆ సైనిక ప్రభుత్వమే కావడం గమనార్హం.

విషయం ముందుగా రాజ్యాంగ, న్యాయ సంఘానికి వెళ్లింది. దాని అధ్యక్షుడు జాల్మా మరీన్యో అరెనా సభ్యుడు, పాలనకు మిత్రుడు. అయినా అతడు కోరికను సమర్థించలేదు. ప్రభుత్వ పక్షం సంఘంలోని తన సభ్యులను కొందరిని తప్పించి, అనుకూలురను కూర్చోబెట్టి, అక్కడ మెజారిటీ సంపాదించింది. పోషణ వ్యవస్థ పనితీరు ఇంత నగ్నంగా కనబడే సందర్భాలు అరుదు. సంఘంలో స్థానం కూడా పోషకుడు ఇచ్చినదే కనుక దానిని తీసుకోవడమూ అతని హక్కే అన్నది అందులోని తర్కం. మరీన్యో అధ్యక్ష పదవికి రాజీనామా చేశాడు. అప్పుడతడు స్పానిష్ నాటకకర్త కాల్డెరోన్‌ను తలచుకొని, రాజుకు సమర్పించదగినవాటినీ సమర్పించరాని ఒక్కదానినీ వేరు చేసి చూపాడు. ఆ సమర్పించరానిది ఆత్మగౌరవం.

డిసెంబరు 12న సభ ఓటు వేసింది. 1966 ఎన్నికలలో 409 స్థానాలకు 277 అరెనాకు దక్కాయి. ప్రతిపక్షమంతా ఒక్కటై నిలిచినా 132కు మించదు. అయినప్పటికీ తొలగింపుకు వ్యతిరేకంగా 216 ఓట్లు, అనుకూలంగా 141 ఓట్లు వచ్చాయి. అంటే పాలక పక్షం నుండి సుమారు ఎనభైమందికి తగ్గకుండా తమ పోషకునికి ఎదురు నిలిచారు. ఫలితం వెలువడగానే సభ్యులు నిలబడి జాతీయగీతం పాడారు. మరునాడు, డిసెంబరు 13న, ప్రభుత్వం ఐదవ సంస్థాగత శాసనాన్ని ప్రకటించి కాంగ్రెస్‌ను మూసివేసింది.

ఋణమూ నిక్షేపమూ

ఆ ఎనభైమందికి పైగా సభ్యులు కృతఘ్నులా? పోషకుని దృష్టిలో సందేహం లేదు. అరెనా లేకపోతే వారికి స్థానం లేదు. ఈ వాదాన్ని తేలికగా తోసిపుచ్చడం న్యాయం కాదు. ఎందుకంటే దాని వెనుక ఉన్న విలువ నిజమైనది. తెలుగు సాహిత్యంలో ఆ విలువకు గౌరవప్రదమైన చరిత్ర ఉంది.

మన కావ్య సంప్రదాయంలో కృతిభర్త అన్న భావన ఇందుకు మంచి ఉదాహరణ. కవిని పోషించిన రాజు కృతిని స్వీకరిస్తాడు. అల్లసాని పెద్దన మనుచరిత్రను కృష్ణదేవరాయలకు అంకితమిచ్చాడు. రాజు ఇచ్చిన ఆదరణకు కవి తన కావ్యంతో బదులు తీర్చాడు. ఇందులో ఆక్షేపించదగినది లేదు. కావ్యం పెద్దన సొత్తు. తన సొత్తును తనకు నచ్చినవారికి ఇచ్చే స్వేచ్ఛ అతనికి ఉంది. అదే కాలానికి చెందినవాడుగా ప్రసిద్ధుడైన ధూర్జటి కాళహస్తీశ్వర శతకంలో రాజసేవను తీవ్రంగా నిందించి తన కృతిని దేవునికి అర్పించాడు. అదీ అతని స్వేచ్ఛే. ఇద్దరూ తమ సొంత ధనంతోనే వ్యవహరించారు.

శాసనసభ్యుని ఓటు అతని కావ్యం వంటిది కాదు. అది ఇతరులు అతని వద్ద ఉంచినది. ఇక్కడ ధర్మశాస్త్రంలోని ఒక విభజన ఉపకరిస్తుంది. మనుస్మృతి పేర్కొన్న పద్దెనిమిది వ్యవహారపదాలలో మొదటిది ఋణాదానం, రెండవది నిక్షేపం. అప్పు తీర్చడం ఒక విషయం. దాచమని ఇచ్చిన సొమ్మును కాపాడి తిరిగి ఇవ్వడం మరొక విషయం. తెలుగులో ఇటువంటి సొమ్మును ఇల్లడ అన్నారు. ఈ రెంటినీ శాస్త్రకారులు పక్కపక్కన ఉంచినా ఒకటిగా కలపకపోవడానికి కారణం స్పష్టమే. ఋణం నాది, నిక్షేపం నాది కాదు. నా అప్పు ఎంత పవిత్రమైనదైనా, పొరుగువాడు నా ఇంట దాచుకున్న నగలతో దానిని తీర్చలేను. తీరిస్తే అప్పులవాని ఎదుట నిజాయితీపరుడనైనట్లు కనిపిస్తాను, పొరుగువాని ఎదుట దొంగనవుతాను.

శాసనసభ్యునికి పోషకునితో ఉన్నది ఋణ సంబంధం, ప్రజలతో ఉన్నది నిక్షేప సంబంధం. పోషకునికి అతడు తన శ్రమను ఇవ్వవచ్చు, స్నేహాన్ని ఇవ్వవచ్చు, కష్టకాలంలో తోడు నిలవవచ్చు, తన సొంత ధనం ఇవ్వవచ్చు, పదవిని వదులుకొనికూడా ఋణం తీర్చుకోవచ్చు. ఓటుతో తీర్చడమే కుదరదు. విధేయత చెడ్డదని నా వాదం కాదు. అది ఏ ద్రవ్యంతో చెల్లిస్తున్నారన్నదే ప్రశ్న.

ఈ వాదానికి ఒక బలమైన ఆక్షేపణ ఉంది. నిక్షేపం ఉంచిన ప్రజలే పోషణ గొలుసులో భాగం కదా? నూనెస్ లెయాల్ వర్ణించిన ఊరి ఓటరు సిద్ధాంతం చూసి ఓటు వేయలేదు. బడికి ఉపాధ్యాయుని కోసం, వంతెన కోసం, కొడుక్కి చిన్న ఉద్యోగం కోసం వేశాడు. అతని ప్రతినిధి బ్రసీలియాతో తగవు పెట్టుకుంటే ఆ వంతెన ఆగిపోతుంది. నిక్షేపం ఉంచినవాడే ‘నా సొమ్ము అతనికి ఇచ్చెయ్యి, నాకు వంతెన వస్తుంది’ అంటే, ఇవ్వనని పట్టుబట్టడం ప్రతినిధి అహంకారం కాదా? పట్టణాలలో కూర్చొని పల్లె ఓటరును అమ్ముడుపోయినవాడని నిందించే రచనలు ఈ ప్రశ్నను ఎదుర్కోకుండానే తప్పుకుంటాయి. వంతెన కావాలనుకోవడంలో అవినీతి లేదు.

నా అవగాహనలో దీనికి సమాధానం ఓట్లన్నీ ఒకే జాతివి కావన్న గుర్తింపులో ఉంది. పన్ను మీద, బడ్జెట్ మీద, ఒక నియామకం మీద ప్రతినిధి బేరమాడవచ్చు. తన ఊరి వంతెన కోసం పక్క రాష్ట్రపు ఓడరేవుకు ఓటు వేయవచ్చు. అది నిక్షేపంలోని సొమ్మును సొమ్ముగల వాని మేలుకోసం మార్చుకోవడమే. 1968 డిసెంబరు 12న అడిగిన ఓటు ఆ జాతిది కాదు. సభలో మాట్లాడినందుకు సభ్యుని అప్పగించమన్నది ఆ కోరిక. మాట్లాడే రక్షణ పోయిన సభలో రేపు వంతెన కోసం కూడా బేరమాడలేరు, దయగా ఇస్తే తీసుకోవాలి. ఇది పెట్టెలోని సొమ్మును అడగడం కాదు, పెట్టె తాళాన్నే అడగడం. ఓటరు ఏ బేరానికి అనుమతి ఇచ్చినా, ఇక ఎన్నడూ బేరమాడలేని స్థితికి అనుమతి ఇచ్చాడని అనుకోవడానికి ఆధారం లేదు.

ఒకనిని విడవడం

అనుకూలంగా ఓటు వేసిన 141 మంది అందరూ లోభులూ పిరికివారూ అని తీర్మానించడం సులభం. అయితే వారి పక్షాన చెప్పదగిన మాట ఒకటుంది. ఆల్వెస్ ఒక్కడిని అప్పగిస్తే సభ నిలుస్తుంది. నిరాకరిస్తే సభే మూతపడుతుంది. జరిగింది కూడా అదే. కాంగ్రెస్ 1969 అక్టోబరు వరకు మూసే ఉంది. ఐదవ శాసనం రాజకీయ నేరారోపణలలో హెబియస్ కార్పస్‌ను నిలిపివేసింది. ఎందరో సభ్యుల స్థానాలు రద్దయ్యాయి. సర్వోన్నత న్యాయస్థానంలో న్యాయమూర్తిగా ఉన్న విక్తోర్ నూనెస్ లెయాల్‌ను 1969 జనవరిలో బలవంతంగా పదవి నుండి తప్పించారు. పోషణ వ్యవస్థను విశ్లేషించిన పండితుణ్ణి ఆ వ్యవస్థే బయటకు నెట్టింది. ఇంత మూల్యం చెల్లించిన ఓటును వివేకవంతమైనదని అనగలమా?

ఒక కులం కోసం ఒకనిని, ఒక గ్రామం కోసం ఒక కులాన్ని విడవవచ్చునన్న నీతి మనకు సుపరిచితం. మన రాజకీయ ప్రసంగాలలో దీనిని బలహీనుణ్ణి బలిపెట్టడానికి సమర్థనగా వాడడం చూస్తాం. భారతంలో ఈ నీతిని విదురుడు ఎవరిని ఉద్దేశించి చెప్పాడో గుర్తుచేసుకోవాలి. ధృతరాష్ట్రునితో దుర్యోధనుని విడవమంటూ చెప్పాడు. విడవవలసిన ‘ఒకడు’ సభలో అందరికంటే బలవంతుడు, రాజుకు ప్రియుడు, కీడుకు మూలం. బ్రెజిల్‌లో ఆ నీతిని తలకిందులు చేసి వాడారు. నింద మోపవలసింది విశ్వవిద్యాలయంలోకి దళాలను పంపినవారిమీద. అప్పగించమని అడిగింది ఆ పని తప్పన్నవానిని.

పైగా అప్పగింత ఒక్కనితో ఆగుతుందన్న హామీ ఎక్కడా లేదు. 141 మంది లెక్క తప్పిందని గాని, ఒప్పని గాని ఇప్పుడు నిరూపించలేం. కాని ఒక తేడా మాత్రం స్పష్టం. సభను సైన్యం మూసివేసినప్పుడు ఆ పని ఎవరిదో అందరికీ తెలిసింది. సభ తనంతట తాను తలవంచి ఉంటే, ఆ పని సభదై ఉండేది.

పెద్రో అలేషో ఉదంతాన్ని ఇక్కడ ప్రస్తావించాలి. అతడు అరెనాకు చెందిన పౌర ఉపాధ్యక్షుడు, న్యాయవాది. డిసెంబరు 13న జాతీయ భద్రతా మండలి సమావేశంలో ఐదవ శాసనాన్ని వ్యతిరేకించాడు. రాజీనామా చేయలేదు, ఆ కొలువులోనే ఉన్నాడు. 1969 ఆగస్టులో అధ్యక్షుడు కోస్తా ఎ సిల్వా పక్షవాతంతో మంచం పట్టినప్పుడు రాజ్యాంగం ప్రకారం అధికారం అలేషోకు చేరాలి. ముగ్గురు సైనిక మంత్రులు అడ్డుపడి అధికారాన్ని తామే తీసుకున్నారు. పోషకుడు మరచిపోలేదు.

అలేషోనూ మరీన్యోనూ చూసినప్పుడు నాకు వికర్ణుడు గుర్తుకు వస్తాడు. నన్నయ సభాపర్వంలో ద్రౌపది ప్రశ్నకు పెద్దలందరూ మౌనం వహించినప్పుడు, ఆమె జయింపబడలేదని చెప్పినవాడు దుర్యోధనుని తమ్ముడు వికర్ణుడు. కర్ణుడు అతనిని మందలించాడు. తరువాత యుద్ధంలో వికర్ణుడు అన్నపక్షానే నిలిచి భీముని చేతిలో మరణించాడు. సభలో తన మాటను అన్నకు ఇవ్వలేదు, యుద్ధంలో తన శరీరాన్ని ఇచ్చాడు. నేను పైన చెప్పిన విభజన వికర్ణునికి తెలుసునని అనిపిస్తుంది: మాట సభది, దేహం తనది. భీష్ముని స్థితి దీనికి భిన్నం. మనుష్యుడు అర్థానికి దాసుడనీ, కౌరవుల అర్థంతో తాను కట్టుబడి ఉన్నాననీ యుద్ధారంభంలో ధర్మరాజుతో అతడే ఒప్పుకున్నాడు. ఆ ఒప్పుకోలులో వేదన ఉంది. కాని ఉప్పు ఋణం కింద అతడు అంతకుముందే సభలోని మాటను కూడా చెల్లించివేశాడు. చాలా వ్యాఖ్యానాలు భీష్ముని ధర్మసూక్ష్మం పేరుతో కాపాడతాయి. ఆ రక్షణ నాకు ఒప్పుదలగా లేదు.

శాసనంగా మారిన విధేయత

1968 ఓటు నుండి సైనిక ప్రభుత్వం నేర్చుకున్న పాఠం 1969 అక్టోబరు రాజ్యాంగ సవరణలో కనబడుతుంది. పార్టీ నాయకత్వం నిర్ణయించిన విధానానికి విరుద్ధంగా ఓటు వేసిన సభ్యుడు, పార్టీని విడిచిన సభ్యుడు స్థానాన్ని కోల్పోతాడని అందులో రాశారు. దానికి పెట్టిన పేరు పార్టీ విధేయత. అంతవరకు విశ్వాసం అన్నది పోషకుడు ఆశించేది, ఆశ్రితుడు ఇచ్చేది. ఇప్పుడది వసూలు చేసేదయింది. వసూలు చేసే విశ్వాసాన్ని విశ్వాసమని పిలవవచ్చునా అన్నది వేరే ప్రశ్న.

తెలుగు పాఠకునికి ఇక్కడ ఒక అభ్యంతరం కలగడం సహజం. 1984 ఆగస్టు 16న గవర్నరు ఎన్.టి. రామారావు ప్రభుత్వాన్ని తొలగించి నాదెండ్ల భాస్కరరావును ముఖ్యమంత్రిగా నియమించినప్పుడు, తమ నాయకుణ్ణి విడవని శాసనసభ్యులను కర్ణాటకకు తరలించి కాపాడుకోవలసి వచ్చింది. నెల తిరిగేసరికి సెప్టెంబరు 16న రామారావు మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు. మన జ్ఞాపకంలో ఆ ఉదంతం విధేయత గెలుపు. మరుసటి సంవత్సరం 52వ రాజ్యాంగ సవరణ ద్వారా పదవ షెడ్యూలు వచ్చి, పార్టీ ఆదేశాన్ని ధిక్కరించి ఓటు వేసినవారు అనర్హులయ్యారు. బ్రెజిల్‌లో అవిధేయతను మెచ్చుకొని, హైదరాబాదులో విధేయతను మెచ్చుకోవడం పొసగుతుందా?

పొసగుతుందనే నా అభిప్రాయం. 1983లో ప్రజలు ఉంచిన నిక్షేపాన్ని బేరం పెట్టడానికి నిరాకరించిన శాసనసభ్యులు తమ నాయకునికి విధేయులుగా కనిపించినా, నిజానికి కాపాడింది ఆ నిక్షేపాన్నే. నాయకుని పేరు దానితో కలిసి ఉండడం ఆ సందర్భపు విశేషం. అయితే పదవ షెడ్యూలు ఈ రెంటినీ వేరుచేయదు. ఓటును అమ్ముకున్నవానినీ, మనస్సాక్షితో ఎదురు ఓటు వేసినవానినీ అది ఒకే గాటన కడుతుంది. నిక్షేపాన్ని కాపాడడానికి వచ్చిన శాసనం, ఆదేశం ఇచ్చే నాయకుని చేతికి తాళం అప్పగించింది. ఒక సైనిక ప్రభుత్వం తన అవసరానికి రాసుకున్న నియమానికీ, ఒక ప్రజాస్వామ్య పార్లమెంటు ఫిరాయింపుల బాధతో రాసుకున్న నియమానికీ పోలిక కనిపించడం ఇబ్బంది కలిగించే విషయం. ఉద్దేశాలు వేరు కనుక పోలిక చెల్లదన్న వాదం నన్ను ఒప్పించలేదు. నియమం పనిచేసేటప్పుడు ఉద్దేశాన్ని అడగదు. బ్రెజిల్ తన పార్టీ విధేయత నియమాన్ని ఎత్తివేసింది కూడా 1985లోనే.

అంతకు ఏడాది ముందు, 1984 ఏప్రిల్ 25న, బ్రెజిల్ ప్రతినిధుల సభకు మరొక పరీక్ష ఎదురైంది. అధ్యక్షుణ్ణి ప్రజలే నేరుగా ఎన్నుకోవాలని దాంతె ద ఒలివేరా ప్రతిపాదించిన సవరణ అది. దానికోసం నగరాలలో లక్షలమంది వీధులలోకి వచ్చారు. ప్రభుత్వం రాజధానిలో అత్యవసర చర్యలు విధించింది. సవరణ నెగ్గడానికి 320 ఓట్లు కావాలి. 298 వచ్చాయి. వ్యతిరేకంగా వచ్చినవి 65 మాత్రమే. నూరుమందికి పైగా సభ్యులు ఆ రోజు సభకు రాలేదు. వారిలో అత్యధికులు అరెనా వారసురాలైన పాలక పార్టీవారు.

1968లో ఎదురు నిలిచినవారికి పోషకుడు బలంగా ఉన్నాడు, 1984లో రానివారికి అతడు బలహీనపడుతున్నాడు. అయినా వారు ‘కాదు’ అని చెప్పి ప్రజల ఎదుట నిలబడలేకపోయారు, ‘అవును’ అని చెప్పి ప్రభుత్వానికి దూరం కాలేకపోయారు. ఇటు ఋణమూ తీరకుండా, అటు నిక్షేపమూ తిరిగి ఇవ్వకుండా ఇంటి తలుపు మూసుకున్నారు. కౌరవసభలో మౌనం వహించినవారు కనీసం ఆ సభలో కూర్చొని ఉన్నారు, ద్రౌపది వారి ముఖాలను చూసి అడగగలిగింది. అప్పటికి పాలక పార్టీ అధ్యక్షుడుగా ఉన్న జొసే సార్నే కొద్ది నెలలలో ఆ పార్టీని విడిచి ప్రతిపక్ష అభ్యర్థి తాంక్రెదో నెవెస్ పక్కన ఉపాధ్యక్ష అభ్యర్థి అయ్యాడు. 1985 జనవరి 15న ఎన్నికల మండలిలో ఆ జంట 480 ఓట్లతో గెలిచింది. నెవెస్ ప్రమాణ స్వీకారానికి ముందే జబ్బుపడి ఏప్రిల్‌లో మరణించగా సార్నే అధ్యక్షుడయ్యాడు. పెద్రో అలేషో అప్పటికి మరణించి పదేళ్లయింది.